ముత్తాత పట్టాలో 'నార్త్ ఆర్కాట్' ఏంటి?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర ఊరు, ఇప్పుడు చెన్నై పెరంబూర్‌లో ఉంటున్నాం. మా ముత్తాతగారి పాత పట్టా ఒకటి దొరికింది, అందులో జిల్లా నార్త్ ఆర్కాట్, తాలూకా పలమనేరు, ఫసలీ 1315 అని ఉంది, కింద తాసీల్దారు ముద్ర కూడా ఉంది. మాది చిత్తూరు జిల్లా కదండీ, మరి ఇదేంటి?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: పట్టా కరెక్టేనమ్మా. ఫసలీ అంటే శిస్తు లెక్కల ఏడాది, దానికి 590 కలపండి, 1905 వస్తుంది, అంటే ఆ ఏడు జులై నుంచి తర్వాతి జూన్ దాకా. అప్పటికి చిత్తూరు జిల్లా అనేదే లేదు, అది 1911లో పుట్టింది. అంతకుముందు చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి అన్నీ నార్త్ ఆర్కాట్‌లోవే, పైగా ఆ జిల్లాకి హెడ్‌క్వార్టర్స్ మన చిత్తూరే! 1801లో ఆర్కాట్ నవాబు నుంచి ఈస్టిండియా కంపెనీ ఈ ప్రాంతాన్ని తీసుకుంది, ఆ పేరే జిల్లాకి నిలిచిపోయింది. మదనపల్లె, వాయల్పాడు కథ వేరు, అవి 1800లో నిజాం ఇచ్చేసిన సీమలోవి, 1911 దాకా కడప జిల్లా. ఈ రెండు ముక్కలూ కలిపి కొత్త జిల్లా చేశారు, నార్త్ ఆర్కాట్ ఆఫీసేమో వేలూరుకి వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా గీతలు ఆగలేదు, తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండి అప్పుడు తమిళనాడుకి పోయింది, అక్కడి తెలుగువాళ్లకి ఆ బాధ ఇప్పటికీ ఉంది, ఉండటం న్యాయమే అని నేనంటాను.

నాకు మీ పట్టాలో ముఖ్యంగా అనిపించింది తాసీల్దారు ముద్ర. పక్కనే పుంగనూరు జమీన్ ఉంది చూడండి, మీ ఊరు అందులోదైతే పట్టా జమీందారు ఇచ్చేవాడు, తాసీల్దారు ఇచ్చాడంటే మీది రైత్వారీ ఊరు, శిస్తు మీ ముత్తాత నేరుగా సర్కారుకే కట్టేవారన్నమాట, ఏటా జమాబందీలో, అంటే శిస్తు లెక్కల తనిఖీలో, లెక్క తేలేది.

ఇంకా తవ్వాలనుంటే మీరు చెన్నైలోనే ఉన్నారు కాబట్టి అదృష్టవంతులే. వేరే ప్రావిన్సుల్లో కలెక్టర్ల పైన డివిజనల్ కమిషనర్లు ఉండేవాళ్లు, మన జిల్లాలుండే మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ మెట్టే లేదు, కలెక్టర్లందరి కాగితాలూ నేరుగా ఇక్కడి రెవెన్యూ బోర్డుకే వచ్చేవి. ఆ బోర్డు రికార్డులు ఎగ్మోర్‌లో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వెళ్తే చిత్తూరు అని కాకుండా నార్త్ ఆర్కాట్ అని, తాలూకా పేరూ ఫసలీ నంబరూ చెప్పి అడగండి.