నాలుగేళ్ల పాపను థీమ్ పార్కుకు తీసుకెళ్లవచ్చా?

ప్రశ్న: పెద్ద రోలర్ కోస్టర్లున్న థీమ్ పార్కుకు తీసుకెళ్లమని పదకొండేళ్ల మా అబ్బాయి ఏడాదిగా అడుగుతున్నాడు. నాలుగేళ్ల పాపను వెంట తీసుకెళ్లాలా, అమ్మమ్మ దగ్గర ఉంచాలా?

జవాబు: ముందు పాప ఎత్తు కొలవండి. నాలుగేళ్ల పిల్లల సగటు ఎత్తు సుమారు 103 సెంటీమీటర్లు. పెద్ద రోలర్ కోస్టర్లలో చాలావాటికి కనీసం 120 సెంటీమీటర్లు ఉండాలన్న నియమం ఉంటుంది. ఒడిని, భుజాలను పట్టి ఉంచే కడ్డీలు అంతకంటే చిన్న శరీరాన్ని సరిగా బిగించలేవు కనుక, నియమం సడలించమని సిబ్బందిని బతిమాలవద్దు. ఎత్తు మడమల బూట్లు తొడిగి పిల్లలను కొలత గీత కింద నిలబెట్టే తల్లిదండ్రులూ ఉన్నారు, దయచేసి ఆ పని అసలే చేయకండి.

ఆ తర్వాత, పార్కు వెబ్‌సైట్‌లో ఒక్కొక్క రైడ్‌కు ఇచ్చిన ఎత్తు పరిమితులను చూసి, మీ పాప ఎక్కగలిగేవి ఎన్నో లెక్కపెట్టండి. రెండు మూడుకు మించకపోతే ఈసారికి తనను అమ్మమ్మ దగ్గరే ఉంచడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే అన్న లోపలికి వెళ్తుంటే గేటు బయట నిలబడి కళ్లనీళ్లు పెట్టుకునే పిల్లను రోజంతా ఊరడించడం మీకూ కష్టమే, తనకూ కష్టమే. చిన్నపిల్లల విభాగం పెద్దదే అయితే తప్పక తీసుకెళ్లండి. తల్లిదండ్రుల్లో ఒకరు పాప దగ్గర ఉండి, రెండోవారు దిగాక మళ్లీ వరుసలో నిలబడకుండా ఎక్కే వెసులుబాటు చాలా పార్కుల్లో ఉంటుంది. దాని గురించి ముందుగానే అడగండి. మధ్యాహ్నం పాప నిద్రపోయే వేళకు నీడపట్టున, రణగొణధ్వనికి దూరంగా ఒక చోటు చూసుకోండి.