రెండు ఇంచుల నీళ్లంటే ఎన్ని నీళ్లు?

ప్రశ్న: మా చేలో బోరు వేయిస్తే రెండు ఇంచుల నీళ్లు పడ్డాయని బండివాళ్లు చెప్పారు. పక్క చేని బోరులో ఒక ఇంచే. అంటే మాకు దానికి రెండింతలు వచ్చినట్టేనా?
– ఒక రైతు, కళ్యాణదుర్గం

జవాబు: రెండింతలు కాదు, ఐదున్నర రెట్లకు పైనే. అయితే ఆ ఇంచులు ఎలా కొలిచారో ముందు అడగండి. రెండించుల పైపు నిండా పారుతుంటే కూడా కొందరు అదే మాట అంటారు. నీళ్ల వేగం తెలియకుండా పైపు సైజు చెబితే లెక్క తేలదు. వీ-నాచ్ రేకుతో కొలిచిన ఇంచులనే నమ్మండి.

నిలబెట్టిన రేకులో 90 డిగ్రీల కోణంతో కోసిన గంటే వీ-నాచ్. గంటు మొన నుంచి, రేకు వెనక నిలిచిన నీటి మట్టం దాకా ఎంత ఎత్తుంటే అన్ని ఇంచులు. మట్టం లేచేకొద్దీ గంటు వెడల్పు పెరుగుతుంది, పారే వేగమూ పెరుగుతుంది. అందుకే 1 ఇంచుకు గంటకు సుమారు 510 లీటర్లు వస్తే, 2 ఇంచులకు 2,900, రెండున్నరకు 5,050, 3 ఇంచులకు దాదాపు 8,000 లీటర్లు వస్తాయి.

స్కేలు పెట్టే చోటే అసలు కీలకం. గంటు దగ్గరికి వచ్చేసరికి నీళ్లు కిందికి వంగుతాయి, అక్కడ కొలిస్తే తక్కువ చూపుతుంది. మట్టం ఎంత ఎత్తుందో దానికి నాలుగింతల దూరం వెనక్కి జరిగి, నీళ్లు కదలకుండా ఉన్నచోట కొలవాలి. రెండించుల దగ్గర ఎనిమిదో వంతు ఇంచు ఎక్కువ చదివినా లెక్కలో 16 శాతం నీళ్లు లేనివి చేరతాయి. రేకు ఒరిగినా, అవతల నీళ్లు గంటు మొన దాకా ఎగదన్నినా కొలత చెడినట్టే.

ఇంకొక మాట. బోరు వేసేటప్పుడు కంప్రెసర్ గాలితో ఎగజిమ్మే నీళ్లలో బోరులో అంతకుముందే నిలిచిన నీళ్లూ ఉంటాయి. ఆరున్నర ఇంచుల బోరులో అడుగుకు సుమారు ఆరున్నర లీటర్లు, 100 అడుగులకు 650 లీటర్లు. కాబట్టి మోటారు దించి, కొన్ని గంటలు నడిపి, ధార నిలకడ పడ్డాకే కొలిచి పంట సంగతి ఆలోచించండి. ఎకరాకు ఒక ఇంచు మందాన తడి పెట్టాలంటే సుమారు 1,02,800 లీటర్లు కావాలి. మీ రెండించుల ధార రోజుకు 9 గంటలు పారితే అది నాలుగు రోజుల పని. అన్ని నీళ్లూ మొక్క మొదటికే చేరేలా డ్రిప్పు వేసుకోవడం మేలు.

ప్రశ్న: చీనీ తోటకు వేసిన రెండించుల పైపుకు, ఇంటి ప్లంబింగ్ షాపులో కొన్న రెండించుల కప్లింగ్ ఎక్కడం లేదు. సరుకులో లోపమా?
– ఒక పాఠకుడు, పులివెందుల

జవాబు: లోపం లేదు. వ్యవసాయ పీవీసీ పైపును బయటి వ్యాసంతో, మిల్లీమీటర్లలో చేస్తారు. అందులో రెండించులని పిలిచేది నిజానికి 63 మి.మీ. పైపు. ఇంటి యూపీవీసీలో రెండించుల పైపు బయటి వ్యాసం 60.3 మి.మీ. ఒకటిన్నర ఇంచు దగ్గరా ఇదే తంటా: వ్యవసాయ పైపు 50, ఇంటి పైపు 48.3 మి.మీ. అరగదీసి ఎక్కించడం, వేడి చేసి సాగదీయడం వద్దు. సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) ఆ సందును పూడ్చలేదు, మోటారు ఆన్ చేసిన ఊపుకే జాయింటు ఊడొస్తుంది. 63 మి.మీ. పైపుకు బయటి వైపు మర ఉన్న ఎంటీఏ అనే ముక్కను అతికించి, అవతలి ఇంటి పైపుకు లోపలి వైపు మర ఉన్న రెండించుల ఎఫ్‌టీఏ అతికించండి. రెండూ ఒకే రకం, అంటే బీఎస్‌పీ కొలత మరలేనా అని అడిగి తీసుకోండి. సొల్యూషన్ ఆరాక టెఫ్లాన్ టేపు చుట్టి బిగించండి. ఇకపై షాపులో ఇంచులు కాక మిల్లీమీటర్లే చెప్పి అడగండి.

ప్రశ్న: 43 ఇంచుల టీవీకి గోడలో ఎంత గూడు వదలాలి?
– ఒక గృహిణి, ఆదోని

జవాబు: 43 అనేది తెర మూల నుంచి ఎదుటి మూలకు కొలత. తెర వెడల్పు సుమారు 37.5 ఇంచులు, ఎత్తు 21. ఫ్రేము, ప్లగ్గు, గాలి ఆడే చోటు కలుపుకుని 43 ఇంచుల వెడల్పు, 27 ఇంచుల ఎత్తు వదిలితే సరిపోతుంది. మేస్త్రికి చెప్పేటప్పుడు ప్లాస్టరింగ్ అయ్యాక మిగలాల్సిన కొలత ఇది అని చెప్పండి.