మేకలు, పత్తి చేను, బిల్లు లేని విత్తనం

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. పత్తి ఏరుడు అయిపోయాక మేకలను చేన్లోకి తోలుతాం. బీటీ ఆకు తింటే జీవాలు చచ్చిపోతాయని మా అత్తమ్మ ఈసారి తోలనివ్వడం లేదు. బర్రెకు పత్తి చెక్క పెడుతున్నాం, ఆ పాలు పిల్లలకు పోయొచ్చా?

జవాబు: మీ అత్తమ్మ ఊరికే భయపడడం లేదమ్మా. బీటీ అంటే ఒక మట్టి బ్యాక్టీరియా జన్యువును పెట్టిన పత్తి, కాయతొలిచే పురుగును చంపే విషం మొక్కలోనే తయారవుతుంది. 2006లో మన వరంగల్ జిల్లాలోనే బీటీ చేలల్లో మేసిన గొర్రెలు చనిపోయాయని కాపరులు మొత్తుకున్నారు, అది దేశమంతా చర్చయింది. జన్యుమార్పిడి పంటలకు అనుమతులిచ్చే కేంద్ర కమిటీ మాత్రం బీటీ వల్లేననడానికి ఆధారం లేదని, నైట్రేట్లు, పురుగుమందుల అవశేషాల లాంటివి కారణం కావచ్చని తేల్చింది. కాపరుల తరఫున తిరిగిన సంస్థలు ఆ మాట ఒప్పుకోలేదు.

నన్నడిగితే కమిటీ మాటే నమ్మేలా ఉంది. బీటీ విషం కాయతొలిచే పురుగు పేగుల్లో అతుక్కుని పనిచేస్తుంది, మేకకో మనిషికో అట్లా అతుక్కునే చోటు ఉండదు. కానీ బీటీ పత్తికి కూడా పచ్చదోమకు, తెల్లదోమకు మందు కొట్టక తప్పదు కదా, మీరు భయపడాల్సింది దానికి. చివరిసారి ఏ మందు కొట్టారు, ఎప్పుడు కొట్టారు, ఖాళీ డబ్బా మీద ఎన్నాళ్లు ఆగమని రాసుంది అన్నది మీ ఆయనను అడగండి, పక్క చేనోళ్లను కూడా అడగండి. ఆ గడువు దాటితే తోలండి. మిగిలిపోయిన పచ్చికాయల్లో దాక్కున్న గులాబీ పురుగు కూడా మేకల నోట్లోకే పోతుంది కాబట్టి చేనుకూ మంచిదే.

పాల గురించి బెంగ వద్దు. అయితే చెక్క వచ్చే పత్తి గింజలో గాసిపోల్ అని పుట్టుకతోనే ఒక విషం ఉంటుంది, బీటీ అయినా, పాత దేశవాళీ అయినా. పెద్ద బర్రె కొంత మేరకు తట్టుకుంటుంది, దూడ తట్టుకోలేదు. దూడలకు, కోళ్లకు పత్తి చెక్క పెట్టకండి.

ప్రశ్న: గడ్డిమందు కొట్టినా చావని పత్తి, బీజీ-3 అంటూ ఒకాయన ఊరూరా తిరిగి అమ్ముతున్నాడు. కూలీ ఖర్చు మిగులుతుందని మా నాన్న తీసుకుందామంటున్నాడు. బిల్లు అడిగితే నవ్వాడు. — భూపాలపల్లి నుంచి ఒక విద్యార్థి

జవాబు: ఆ నవ్వులోనే జవాబుంది తమ్ముడూ. బీజీ అంటే బోల్‌గార్డ్, బీటీ పత్తికి కంపెనీ పెట్టిన పేరు. గడ్డిమందును తట్టుకునే పత్తికి మన దేశంలో అనుమతి లేదు. మొలక రాకపోయినా, కాయ పట్టకపోయినా, చేతిలో బిల్లు లేకుండా ఎవరిని అడుగుతారు? దాంట్లో బీటీ సరిగ్గా ఉందో లేదో కూడా ఎవరూ చెప్పలేరు.

కూలీ దొరకని బాధ నిజమే, మే ఎండలో అప్పు తెచ్చి విత్తనం కొన్నవాళ్లకు జులై కలుపే పెద్ద టెన్షన్. కానీ ఆ గడ్డిమందు గ్లైఫోసేట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో దాన్ని మనుషులకు బహుశా క్యాన్సర్ తెచ్చే వాటిలో చేర్చింది. అమెరికా, ఐరోపా నియంత్రణ సంస్థలు ఒప్పుకోలేదు. 2022లో మన కేంద్రం దాన్ని రైతులు సొంతంగా కొట్టకుండా పరిమితి పెట్టింది. గాలికి అది పక్కోళ్ల మిరప మీద పడితే తగువే.

అసలు బీటీ శాశ్వతమేమీ కాదు. 2002లో వచ్చింది, 2006లో రెండు జన్యువుల బీజీ-2 వచ్చింది, అయినా గులాబీ పురుగు దాన్నీ జయించింది. అప్పట్లో 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు చేను చుట్టూ వేయమని చిన్న ప్యాకెట్‌లో నాన్‌బీటీ గింజలు ఇచ్చేవాళ్లు గుర్తుందా, మీ నాన్నకైతే గుర్తుంటుంది. ఆ మొక్కల మీద బతికిన పురుగులు బీటీని తట్టుకోగలిగిన పురుగులతో కలిస్తే వాటి పిల్లపురుగుల మీద బీటీ పనిచేసేది. చాలామంది ఆ ప్యాకెట్ మూల పడేశారు. అట్లని తప్పంతా రైతులదే అనను, అమ్మినవాళ్లు కూడా ఎందుకు వేయాలో చెప్పలేదు.

బిల్లున్న విత్తనమే కొనండి. గుడ్డిపూలు, అంటే గులాబీ పురుగు దూరి సరిగ్గా విచ్చుకోని పూలు కనిపిస్తే తెంపి కాల్చేయండి, మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టండి, ఇంకో ఏరుడు వస్తుందన్న ఆశతో మార్చి దాకా చేను ఉంచకండి. పత్తికట్టె కుప్పలు వేసి ఇంటి వెనక దాచుకుంటే పురుగును దాచుకున్నట్టే.

ప్రశ్న: హనుమకొండలో కొన్న వంకాయలు అద్దాల్లా మెరుస్తున్నాయి. బీటీ వంకాయలా?

జవాబు: కాదు. బీటీ వంకాయను 2010 ఫిబ్రవరిలోనే అప్పటి మంత్రి జైరాం రమేశ్ ఆపేశారు, బంగ్లాదేశ్‌లో మాత్రం పండిస్తున్నారు. ఇక్కడ వంకాయకు కాయతొలిచే పురుగు కోసం గట్టిగానే మందు కొడతారు కాబట్టి మెరుపు సంగతి వదిలేసి, బాగా కడిగి, తొడిమ కోసి వండుకోండి.