టెక్ సందేహాలు: గుడ్డ పైకప్పు కారులోకి నీరు ఎక్కడి నుంచి వస్తోంది?

ప్రశ్న: విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాను. రెండు నెలల క్రితం గుడ్డ పైకప్పు ఉన్న కన్వర్టిబుల్ కారును సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. రోడ్డు పక్కన తురాయి చెట్టు కింద నిలుపుతాను. వాన పడినప్పుడల్లా సీటు వెనక కార్పెట్ తడుస్తోంది. పైకప్పు ఒక్కోసారి సగంలో ఆగిపోయి హెచ్చరిక చూపిస్తోంది. వాటర్‌ప్రూఫ్ స్ప్రే కొడితే సరిపోతుందా? చినుకులు మొదలవగానే ఇంట్లో నుంచే ఫోనుతో పైకప్పు మూసేందుకు ఓబీడీ పోర్టుకు తగిలించే చిన్న పరికరం ఆన్‌లైన్‌లో కనిపించింది. కొనవచ్చా?

జవాబు: స్ప్రే ఒక్కటే సరిపోదు. తొలకరి నుంచి కార్తికం దాకా ఇదే ఫిర్యాదు నాకు వస్తూనే ఉంటుంది, రాసినవారిలో చాలామంది తప్పంతా గుడ్డదేనని ముందే తీర్మానించుకుని ఉంటారు. ఈ తరహా పైకప్పు సాధారణంగా మూడు పొరలు అతికించిన బట్ట. పైన కనిపించేది యాక్రిలిక్ నేత, లోపలి వైపు చేతికి తగిలేది పాలియెస్టర్ లేదా నూలు లైనింగ్, ఆ రెండింటి నడుమ పలుచని రబ్బరు పొర ఉంటుంది. నీటిని నిజంగా అడ్డుకునేది ఆ రబ్బరే. స్ప్రే పని పై నేత మీద నీరు పూసలు కట్టి జారిపోయేలా చేయడం వరకే. ఎండకు ఆ గుణం పోయినప్పుడు నేత నీరు పీల్చి బరువెక్కుతుంది, విశాఖ ఉక్కపోతలో ఆరక బూజు పడుతుంది, ఉప్పుగాలి, ఓడరేవు వైపు నుంచి వచ్చే నల్లటి ధూళి అందులో ఇరుక్కుంటాయి. కాబట్టి స్ప్రే అవసరమే, కానీ మీ కార్పెట్ తడికి అది మందు కాదు.

మీ ఉత్తరంలోని తురాయి చెట్టే నాకు అసలు ఆచూకీ ఇచ్చింది. పైకప్పు మీది నుంచి జారిన నీరు అంచుల వెంబడి ఉన్న కాలువలోకి చేరి, తలుపుల వెనక ఉండే రంధ్రాల గుండా గొట్టాల్లోకి దిగి, కారు కింద నేల మీద పడాలి. తురాయి చిట్టాకులు చాలా చిన్నవి గనుక ఏ జాలీకీ ఆగకుండా ఆ రంధ్రాల్లోకి జారి, దుమ్ముతో కలిసి ముద్ద కడతాయి. దారి మూసుకుపోయిన నీరు కాలువ గట్టు దాటి సీటు వెనకకు దిగుతుంది. కార్పెట్ ఆరాక (ఎందుకో కింద చెబుతాను) పైకప్పును సగం తెరిచి ఉంచి చేతికి అందిన చెత్తను తీసి, పచ్చిక కోసే యంత్రంలో వాడే మెత్తని నైలాన్ దారాన్ని రంధ్రంలోకి నెమ్మదిగా పంపండి. ఇనుప తీగ గొట్టాన్ని చీలుస్తుంది. ఎయిర్ కంప్రెసర్ గాలి గొట్టాన్ని లోపల ఊడదీస్తుంది, ఆపైన ఆ నీరంతా బాడీలోనే నిలుస్తుంది.

పైకప్పు సగంలో ఆగడానికి కూడా ఈ తడి కారణం కావచ్చు. వాన కింద నిలబడవలసిన బండిలో, నీరు చేరే అవకాశం ఉన్న అతి పల్లపు చోటే చూసి, సీటు కిందో డిక్కీ అడుగునో కంట్రోల్ పెట్టెలనూ మోటారునూ అమర్చే రూపకర్తల మీద నాకు చాలా కోపం ఉంది. నాలుగు అంగుళాలు పైన పెట్టి ఉంటే ఎందరికో వేల రూపాయల ఖర్చు తప్పేది. కార్పెట్ కింది స్పాంజి వారాల తరబడి నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి, దాన్ని ఎత్తి పూర్తిగా ఆరనిచ్చే వరకు పైకప్పును నడపకండి. సీట్ల కింద ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్లు ఉంటాయి గనుక సీట్లు విప్పే పనిని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి.

గుడ్డను శుభ్రం చేయడానికి ముందు వ్యాక్యూమ్‌తో పొడి ధూళి తీసి, తటస్థ పీహెచ్ ఉన్న షాంపూను మెత్తని బ్రష్‌తో నేత వెంబడి రుద్ది, నురగ జాడ లేకుండా కడగాలి. సబ్బు మిగిలితే స్ప్రే అంటుకోదు, మురికి గుడ్డ మీద స్ప్రే కొట్టడం మురికిని భద్రపరచడమే. బ్లీచింగ్, గిన్నెల సబ్బు, దగ్గర నుంచి కొట్టే ప్రెజర్ వాషర్ వద్దు. ఒక రోజంతా ఆరాక, అద్దాలకూ పెయింటుకూ కాగితం కప్పి, నీడలో రెండు పలుచని పూతలు వేసి, మరో రోజు తడవకుండా ఉంచండి. తడిగా ఉన్న పైకప్పును మడవవద్దు, గాలాడని ప్లాస్టిక్ కవరు కప్పవద్దు. జీపు తరహా బళ్లకు వచ్చే వినైల్ పైకప్పుకు మందు వేరు.

ఇక ఫోను పరికరం. మీ కార్పెట్ తడి కన్నా నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఇదే. ఓబీడీ పోర్టు మెకానిక్ లోపాలు చదువుకోవడానికి స్టీరింగ్ కింద పెట్టిన ద్వారం. దాని వెనక, కారులోని కంట్రోల్ పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ అనే సమాచార వ్యవస్థ 1986లో పరిచయమైనప్పుడు కారులోకి బయటివాడు చొరబడతాడన్న ఊహ లేదు గనుక, సందేశాన్ని ఎవరు పంపారో సరిచూసే ఏర్పాటు దాని మూల నిర్మాణంలో లేదు. 2015లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, అదే పోర్టుకు తగిలించిన, బీమా కంపెనీ కోసం కారు ప్రయాణాన్ని నమోదు చేసే పరికరానికి ఎస్సెమ్మెస్‌లు పంపి, తక్కువ వేగంతో వెళ్తున్న కారు బ్రేకులను పనిచేయకుండా చేసి చూపించారు. చౌక బ్లూటూత్ పరికరాల్లో చాలావాటి పిన్ 1234 లేదా 0000 అయి ఉంటుంది. మీరు పైకప్పు మూయగలిగితే, పక్కన ఆగిన బండిలోని మనిషి దాన్ని తెరవగలడు. అంతకన్నా పెద్ద భయం మరొకటి ఉంది. పైకప్పు కదులుతున్నంతసేపూ బటన్ నొక్కి పట్టుకోవాలని చాలా కార్లలో పెట్టింది నడిపేవారి కళ్లు దాని మీద ఉండాలనే. మేడ మీద నుంచి ఫోనుతో మూసే మీకు, ఆ మడత మధ్య చెయ్యి పెట్టిన పిల్లవాడు కనిపించడు. కొనవద్దు.

మీది సెకండ్‌హ్యాండ్ కారు కాబట్టి ఇంకొకటి ఈరోజే చూడండి. 2017లో ఐబీఎం భద్రతా నిపుణుడు చార్లెస్ హెండర్సన్, తాను ఎన్నడో అమ్మేసిన కారు ఎక్కడుందో తన ఫోనులో ఇంకా కనిపిస్తోందనీ, దాని తలుపులు కూడా తీయగలననీ బయటపెట్టారు. మీ కారుకు కంపెనీ యాప్ ఉంటే, పాత యజమాని ఖాతా తొలగిందని సర్వీస్ సెంటరులో నిర్ధారించుకోండి, బ్లూటూత్ జాబితాలోని పాత ఫోన్లన్నింటినీ చెరిపేయండి.

కారును చెట్టు కింద నుంచి తీసి, కాలువ శుభ్రమయ్యాక, ఒక్కో పక్కన చెంబెడు నీళ్లు నెమ్మదిగా పోసి, అవి కారు కింద నేల మీద పడుతున్నాయో లేదో వంగి చూడండి. పడేదాకా స్ప్రే డబ్బా కొనకండి.