1/100 బిస్మార్క్ మోడల్‌కి ఏ సైజు ప్రొపెల్లర్లు పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: 1/100 స్కేల్లో బిస్మార్క్ (రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ యుద్ధనౌక), మూడు షాఫ్టులు (ప్రొపెల్లర్లను తిప్పే కడ్డీలు), 12 వోల్టుల బ్యాటరీ. 47 ఎంఎం ప్రొపెల్లర్లు చాలవని, 60 ఎంఎం వేయమని ఎవరో చెప్పారు. నన్నడిగితే 47 చాలు, 60 వద్దు.

అసలు నౌకకి 4.70 మీటర్ల వ్యాసం ఉన్న మూడు రెక్కల ప్రొపెల్లర్లు మూడు ఉండేవి. వందతో భాగిస్తే 47 ఎంఎం. వేగానికి మాత్రం లెక్క వేరు. దాన్ని స్కేల్‌తో కాదు, స్కేల్ వర్గమూలంతో భాగించాలి. అంటే అసలు నౌక 30 నాట్లు వెళ్తే మీది 3 నాట్లు వెళ్లాలి, సెకనుకి సుమారు మీటరున్నర. గట్టు మీద చురుగ్గా నడుస్తూ దాని పక్కనే వెళ్లొచ్చు. ఆ వేగంలోనే ముందు లేచే అల యుద్ధనౌక అలలా కనిపిస్తుంది. అంతకు మించితే స్పీడ్‌బోట్‌కి తుపాకులు బిగించినట్టుంటుంది.

ఇంత వేగానికి పవర్ ఎంత కావాలో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. అసలు నౌకది దాదాపు 1,50,000 హార్స్‌పవర్. ఈ స్కేల్‌కి దాన్ని కోటితో భాగించాలి. వచ్చేది 11 వాట్లే! చిన్న సైజులో నీటి రాపిడి ఎక్కువ, ప్రొపెల్లర్ సామర్థ్యం తక్కువ కాబట్టి మూడింతలు వేసుకున్నా షాఫ్టుకి పది, పన్నెండు వాట్లు. 12 వోల్టుల మీద సుమారు ఒక ఆంపియర్. అదే ఆర్‌పీఎంలో ప్రొపెల్లర్ లాగే పవర్ వ్యాసం ఐదో ఘాతంతో పెరుగుతుంది. అంటే 47 బదులు 60 పెడితే మూడు రెట్లకు పైనే. మోటారు, స్పీడ్ కంట్రోలర్ వేడెక్కడం తప్ప మీకు ఒరిగేదేమీ లేదు.

అందుకే ముందు ప్రొపెల్లర్ తేల్చుకుని, దానికి తగ్గ మోటారు వెతకండి. చాలామంది మోటారు కొనేసి, దానికి సరిపోయే ప్రొపెల్లర్ కోసం తంటాలు పడతారు. పిచ్ (జారకుండా ఉంటే ఒక చుట్టుకి ప్రొపెల్లర్ ముందుకెళ్లే దూరం) కూడా వ్యాసానికి దగ్గరగా, 47 ఎంఎం అనుకుందాం. నిమిషానికి 2,700 చుట్లంటే సెకనుకి 45, లెక్క ప్రకారం 2.1 మీటర్లు. నీటిలో జారిపోయే పావు వంతు తీసేస్తే మీకు కావలసిన మీటరున్నర చుట్టుపక్కలకే వస్తుంది. కాబట్టి లోడ్ మీద 2,500-3,000 ఆర్‌పీఎం తిరిగే నెమ్మది మోటారు, లేదా బెల్టుతో వేగం తగ్గించిన మోటారు చూడండి.

రెక్కల ఆకారం విషయంలో నేను కాస్త పట్టుదల మనిషిని. రేసింగ్ రకం సన్న రెక్కలు వద్దు, అవి వెనక్కి తిప్పితే పెద్దగా లాగవు. మీ మోడల్ పూర్తి బరువు 50 కిలోల దాకా ఉంటుంది, దాన్ని ఆపాలంటే రివర్స్ బాగా పనిచేయాలి. వెడల్పు రెక్కల ఇత్తడివే తీసుకోండి. పక్క షాఫ్టులవి ఒకటి కుడివైపు, ఇంకొకటి ఎడమవైపు తిరిగేవి అయి ఉండాలి.

నా దగ్గరున్న 1/96 అయోవా (అమెరికా యుద్ధనౌక) మోడల్‌కి బయటి జత నాలుగు రెక్కలవి 58 ఎంఎం, లోపలి జత ఐదు రెక్కలవి 54 ఎంఎం. మోటార్లు లోపలి రెండింటికే పెట్టాను, ఎందుకంటే చుక్కానులు వాటి వెనకే ఉన్నాయి. నీటి ధార నేరుగా చుక్కాని మీద పడటంతో నెమ్మదిగా వెళ్తున్నా చక్కగా తిరుగుతుంది. బయటి రెండూ వాటంతటవే తిరిగేలా వదిలేశాను, కదలకుండా బిగిస్తే ఇంకా ఎక్కువ వెనక్కి లాగుతాయి.

మీ బిస్మార్క్‌ని మాత్రం షాఫ్టుల వేగం మార్చి తిప్పాలని ఆశ పెట్టుకోకండి. చుక్కానులు వాడకుండా ప్రొపెల్లర్లతో దిశ నిలపడం కష్టమని అసలు నౌక ట్రయల్స్‌లోనే తేలింది. 1941 మేలో టార్పెడో తగిలి చుక్కానులు ఇరుక్కున్నాక దాన్ని దారిలో పెట్టలేకపోయారు. మిక్సర్‌కి (మలుపుకి తగ్గట్టు షాఫ్టుల వేగం మార్చే పరికరం) పెట్టే డబ్బు మంచి సర్వోకి (చుక్కానిని తిప్పే చిన్న మోటారు) పెట్టండి.

అన్నీ బిగించాక మోడల్‌ని నీళ్లలో కదలకుండా పట్టుకుని ఫుల్ థ్రాటిల్ ఇచ్చి కరెంట్ చూడండి. ఎక్కువ కరెంట్ లాగేది అప్పుడే, ఫ్యూజు, కంట్రోలర్ ఆ అంకెను బట్టే తీసుకోవాలి. ముందుకో వెనక్కో ఏదో ఒక దిశలో ప్రొపెల్లర్ మర వదులవుతుంది కాబట్టి ప్రతి షాఫ్టుకీ లాక్‌నట్ తప్పనిసరి.