పాఠకుల ప్రశ్నలు: కూడలిలో బండిని చూసి కూడా కారు ఎందుకు ఆగదు?

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని వెంకోజీపాలెం. మా అబ్బాయి మధురవాడ వైపున్న ఇంజనీరింగ్ కళాశాలకు రోజూ జాతీయ రహదారి మీద మోటార్‌సైకిల్‌పై వెళ్తాడు. గత నెలలో ఒక ఉదయం, సిగ్నల్‌లో పసుపు దీపం మినుకుతున్న వేళ, ఎదురుగా వస్తున్న కారు అతని ముందు నుంచే కుడికి తిరిగింది. బండి జారి చేయి విరిగింది. బండిని చూశానని, ఇంకా దూరంగా ఉందనుకున్నానని కారు నడిపిన ఆయన చెప్పారు. హెడ్‌లైటు వెలుగుతూనే ఉంది. తప్పు కారుదేనని, తాను చేయగలిగింది ఏమీ లేదని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? (ఒక తల్లి)

జవాబు: మీ అబ్బాయి త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. దారి ఇవ్వవలసింది కారే, అందులో సందేహం లేదు. అయితే ఆ కారు నడిపిన ఆయన అబద్ధం చెప్పి ఉండరని నా నమ్మకం. ఎదురుగా వచ్చే వాహనం ఎంత వేగంతో వస్తోందో మన కన్ను ముఖ్యంగా దాని ఆకారం పెరిగే తీరును బట్టి అంచనా వేస్తుంది. ఆర్.కె. బీచ్‌లో నిలబడి చూస్తే దూరాన ఉన్న ఓడ నిలిచి ఉందో, మన వైపే వస్తోందో చాలాసేపు తెలియనట్లే, సన్నగా కనిపించే మోటార్‌సైకిల్ బాగా దగ్గరికి వచ్చేవరకు పెద్దగా కదులుతున్నట్లు అనిపించదు. ఒకే దూరంలో, ఒకే వేగంతో లారీ, బండి వస్తుంటే బండి ఆలస్యంగా చేరుతుందని చాలామంది పొరబడతారని ప్రయోగాల్లో కూడా తేలింది. దీనికి తోడు కారు ముందు అద్దానికి రెండు పక్కలా పైకప్పును మోసే స్తంభాలు ఉంటాయి. వాటిలో ఒక్కొక్కటి కొంత దూరాన ఉన్న బండిని మొత్తంగా కప్పేయగలదు.

ఇది మన ఊరి చోదకులకే పరిమితమైన లోపం కాదు. అమెరికాలోని లాస్ ఏంజిలెస్ పరిసరాల్లో తొమ్మిది వందలకు పైగా మోటార్‌సైకిల్ ప్రమాదాలను పరిశీలించి హ్యారీ హర్ట్ బృందం 1981లో ఇచ్చిన నివేదిక ప్రకారం, బండి మరో వాహనంతో ఢీకొన్న సందర్భాల్లో సుమారు మూడింట రెండు వంతుల్లో ఆ వాహన చోదకుడే బండికి దారి ఇవ్వలేదు. కూడలిలో బండి ముందు నుంచి తిరిగే వాహనం ఆ ప్రమాదాల్లో తరచుగా కనిపించింది. అక్కడ రోడ్డుకు కుడివైపున నడుపుతారు కనుక వారి ఎడమ మలుపు మనకు కుడి మలుపు అవుతుంది. మన దేశంలో 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలన్నిటికీ ఇంజను నడుస్తున్నంతసేపూ లైటు వెలిగే ఏర్పాటును తప్పనిసరి చేశారు. దానివల్ల మేలే జరిగింది, కానీ బండి ఉందని చెప్పే ఆ వెలుగు అది ఎంత వేగంతో వస్తోందో చెప్పలేదు.

అందువల్ల చేయగలిగింది ఏమీ లేదన్న మాటను నేను ఒప్పుకోను. పసుపు దీపం మినుకుతోందంటే వేగం తగ్గించి జాగ్రత్తగా దాటమని అర్థం, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు చూసి మనవాళ్లు దానిని పచ్చదీపంలా భావిస్తారు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు వెళ్తుంది. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు అందుకోవడానికి ఒక సెకను పట్టినా, పొడి రోడ్డు మీద ఆగేసరికి మొత్తం 30 మీటర్లు కావాలి. అదే 30 కిలోమీటర్ల వేగంలో 15 మీటర్ల లోపే ఆగవచ్చు. కూడలి చేరకముందే వేళ్లు ముందు బ్రేకు మీద ఉంటే ఆ ఒక్క సెకనులో కూడా కొంత మిగులుతుంది. ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే అయినా, భయంతో వెనుక బ్రేకును మాత్రమే గట్టిగా తొక్కి జారిపడేవారు చాలామంది. మీ అబ్బాయి కోలుకున్నాక, ఖాళీ స్థలంలో ముందు బ్రేకును క్రమంగా బిగిస్తూ రెండు బ్రేకులతో ఆపడం సాధన చేయమనండి.

ఎదురుగా కుడి ఇండికేటరు వేసుకున్న కారు కనిపిస్తే చోదకుడి ముఖం కాదు, ముందు చక్రం చూడాలి. మన వైపు చూస్తూనే వాహనాన్ని కదిపేవారుంటారు, చక్రం తిరగడం మొదలైందంటే మాత్రం కారు వస్తున్నట్లే. బస్సు వెనుకే అంటుకుని కూడలిలోకి ప్రవేశించడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే బస్సు దాటగానే దారి ఖాళీ అయిందని ఎదుటివారు తిరుగుతారు.

ప్రశ్న: గాజువాక వైపు సిగ్నళ్ల దగ్గర కంటైనర్ లారీ పక్కన స్కూటర్ ఆపవలసి వస్తోంది. ఎడమ పక్క ఖాళీ ఉంటే ముందుకు వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లవద్దు. మన లారీల్లో చోదకుడు కుడివైపు ఎత్తులో కూర్చుంటాడు కనుక క్యాబిన్‌కు ఎడమ పక్కన, సరిగ్గా ముందు బంపరు దగ్గర ఉన్న స్కూటర్ అతనికి కనిపించదు. పొడవైన లారీ ఎడమకు తిరిగేముందు కాస్త కుడికి జరుగుతుంది. అది నేరుగా వెళ్తోందనుకుని ఆ ఖాళీలో దూరితే, వెనుక చక్రాలు లోపలికి కోసుకుంటూ అక్కడికే వస్తాయి. ఆఫీసుకు ఆలస్యమైనా సరే, లారీ వెనుక దాని అద్దంలో చోదకుడి ముఖం మీకు కనిపించేంత దూరంలో ఆగండి.

ప్రశ్న: ఎం.వి.పి. కాలనీలో సిగ్నల్ లేని చిన్న కూడళ్లు చాలా ఉన్నాయి. అక్కడ ముందు ఎవరు వెళ్లాలి?

జవాబు: ప్రధాన రహదారిలోకి ప్రవేశిస్తుంటే దానిపై వెళ్తున్న వాహనాలకు, రెండూ సమానమైన రోడ్లయితే మీ కుడివైపు నుంచి వచ్చే వాహనాలకు దారి ఇవ్వాలని నియమం. ఈ నియమం తెలిసినవారు తక్కువ కనుక కుడివైపు చూసి సరిపెట్టుకోకండి. మూలనున్న ప్రహరీ గోడో, ఆగి ఉన్న కూరగాయల బండో చూపును అడ్డుకునే చోట బ్రేకు మీద వేళ్లుంచి, మనిషి నడిచే వేగానికి తగ్గి, రెండు వైపులా రోడ్డు కనిపించాకే దాటండి.