ట్రయల్‌లో చేరొచ్చా అని అడిగారు. మా అమ్మను వాళ్ళే వద్దన్నారు

మీరు అడిగింది: "మా నాన్నకు సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకై ఊపిరాడని జబ్బు). చాలా ఏండ్లు బీడీలు తాగాడు. హైదరాబాద్‌లో చూసే డాక్టర్ కొత్త మందు క్లినికల్ ట్రయల్‌లో చేరమంటున్నాడు. ఇంట్లో అందరూ ప్రయోగాలు చేస్తారని భయపెడుతున్నారు. చేరొచ్చా?"

చేరొచ్చు. అయితే భయపడే ముందు అసలు వాళ్ళు మనల్ని చేర్చుకుంటారో లేదో చూసుకోవాలి. మా అమ్మ కథ అక్కడే ఆగింది.

మాది నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర పల్లె. యాభై దాటినప్పటి నుంచీ అమ్మకు దమ్ము. చలికాలం వచ్చిందంటే మంచం మీద కూర్చునే తెల్లారేది. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఒక సూది వేసేవాడు, రెండు రోజులు బాగుండేది, మళ్ళీ మొదలు. అందులో స్టెరాయిడ్ ఉంటుందన్న సంగతి పట్నం డాక్టర్ చెప్తేనే తెలిసింది. ఒక ఏడు మృగశిర కార్తెకు చేప మందు కూడా మింగించాం. ఇయ్యాల ట్రయల్ పేరెత్తితే "అమ్మో, మనుషుల మీద ప్రయోగమా" అని గుండెలు బాదుకునే మా చుట్టాలంతా ఆ రోజు మాతోపాటు లైన్లో ఉన్నవాళ్ళే. కొర్రమీను పిల్ల నోట్లో పెట్టిన ముద్దలో ఏముందని ఒక్కరూ అడగలేదు. ఎవరూ సంతకం తీసుకోలేదు. నెల తర్వాత ఎట్లుందని ఫోన్ చేసిన దిక్కు లేదు. దానికి లేని భయం ట్రయల్‌కు ఎందుకో నాకర్థం కాదు.

సరే, అసలు విషయానికొస్తా. పట్నంలో స్పైరోమెట్రీ చేయించారు. ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టం నోట్లో పెట్టి, ఉన్న గాలంతా ఒక్కసారిగా ఊదమంటారు. టెక్నీషియన్ పిల్లగాడు పక్కన నిలబడి "ఊదమ్మా, ఊదు, ఊదు, ఇంకా, ఆపకు" అని అరుస్తున్నాడు. కనీసం ఆరు సెకన్లు ఊదాలట. అమ్మ మధ్యలోనే దగ్గు తెరలో పడిపోయి, గొట్టం తీసేసి, కళ్ళల్లో నీళ్ళు తుడుచుకుంటూ అన్నది: "పొయ్యి ఊది ఊదే గద బిడ్డా ఈ గతి పట్టింది, మళ్ళ గదే ఊదుమంటవా?" ఆ పిల్లగాడు నవ్వాపుకోలేక బయటికి పోయిండు. మళ్ళీ ఊదించారు. పీల్చే మందు ఇచ్చి, కాసేపు కూర్చోబెట్టి, ఇంకోసారి ఊదించారు. మొదటి సెకనులో బయటికొచ్చే గాలి, మొత్తం ఊదిన గాలిలో 70 శాతం కూడా లేకపోతే, అదీ మందు పీల్చిన తర్వాత కూడా, సీఓపీడీ అంటారు. అమ్మది దానికి చాలా కిందికుంది.

ఆమె అన్నదాంట్లో అబద్ధమేం లేదు. మా ఇంట్లో వంట చెరుకంటే పత్తి కట్టె, కంది కట్టె, సర్కారు తుమ్మ. వానాకాలం తడిసిన పత్తి కట్టె అంటుకోదు, పొగ మాత్రం ఇల్లంతా. పొయ్యి ఊదే గొట్టం పట్టుకుని పొద్దునా రాత్రీ ఆ పొగలో కూర్చున్నది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చినప్పుడు డ్వాక్రా సంఘంలో ఉన్నందుకు గ్యాస్ కనెక్షన్ కూడా వచ్చింది. దాని మీద చాయ్, చుట్టాలొస్తే కూర. బువ్వ, స్నానానికి నీళ్ళు, బర్రెకు కుడితి, ఇవన్నీ పొయ్యి మీదే. సిలిండర్ ధర చూస్తే ఇంకేం చేస్తుంది? కనెక్షన్ ఇచ్చినంత మాత్రాన పొయ్యి ఆరదు, ఈ ముక్క అధికారులకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. మా జిల్లా పేరు చెప్తే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. పటిక, సున్నం కలిపి నీళ్ళు శుద్ధి చేసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని మా పేరే పెట్టారు. నీళ్ళ గురించి అంత మాట్లాడిన జిల్లాలో పొగ గురించి మాట్లాడినోడు లేడు.

డాక్టర్ మంచాయన. ఇన్‌హేలర్ రాసిచ్చి, కొత్త మందు ట్రయల్ ఒకటి నడుస్తున్నది, ఇష్టముంటే పక్క గదిలో మాట్లాడండి అన్నాడు. అక్కడ కోఆర్డినేటర్ అమ్మాయి తెలుగులో అచ్చేసిన సమ్మతి పత్రం చేతిలో పెట్టింది. పెండ్లి కార్డుల కట్టంత లావుంది. అమ్మకు చదువు రాదు, వేలిముద్రే. చదువు రానివాళ్ళైతే ఆ ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి, అంతా చదివి వినిపించిన తర్వాతే ముద్ర వేయించాలి. కొడుకును నేనున్నా కదా అంటే, బయటి మనిషైతే మంచిదన్నారు. వరండాలో తండ్రిని తీసుకొచ్చిన జడ్చర్ల అన్న ఒకాయన ఉంటే బతిమాలి పిలుచుకొచ్చాం.

ఆ అన్న హరికథ చెప్పినట్టు గొంతెత్తి చదివిండు. వరండాలో జనమంతా మా గుమ్మం దగ్గరికొచ్చారు. ప్రతి పేజీకీ ఆగి ఒక ప్రశ్న వేసేవాడు. ఉత్త మందు (లోపల మందే లేనిది) ఎవరికిస్తరు, అసలు మందు ఎవరికిస్తరు? ఎవరికేది పోతుందో డాక్టర్‌కు కూడా తెలియదని, ఇప్పుడు వాడే ఇన్‌హేలర్ మాత్రం అందరికీ నడుస్తుందని ఆ అమ్మాయి చెప్పింది. మధ్యలో మానేస్తే? ఎప్పుడైనా మానేయొచ్చు, మామూలు వైద్యం ఆగదు. మందు వల్ల ఏమన్నా అయితే? వైద్యం ఖర్చు కంపెనీదే, నష్టపరిహారం కూడా ఉంటుంది. చివరికి ఆయన అడిగింది నాకు తట్టనిది: "మందు మంచిగ పనిచేసిందనుకో, ట్రయల్ అయిపోయినంక ఇస్తరా, లేక ఇంటికి పొమ్మంటరా?" ఆ అమ్మాయి తడబడి లోపలికిపోయి డాక్టర్‌ను అడిగొచ్చింది. 2019 క్లినికల్ ట్రయల్ నిబంధనల్లో దానికి చోటుంది కానీ షరతులు చాలా ఉన్నాయి, హామీ లేదు అని నిజం చెప్పింది. నాకా నిజం నచ్చింది. అమ్మ వేలిముద్ర వేసింది.

అప్పుడు మొదలైంది అసలు కథ. ఆ అమ్మాయి ఇంకో ఫారం తీసి, కొంచెం మొహమాటపడుతూ, "అమ్మా, సిగరెట్ గానీ బీడీ గానీ చుట్ట గానీ తాగేవారా, రోజుకు ఎన్ని, ఎన్నేళ్ళు?" అని అడిగింది. అమ్మ ముఖం చూడాలి. "నేనెందుకు తాగుత బిడ్డా, మా ఇంటాయన తాగుతడు కట్టకు కట్ట. ఆయనకేం కాలే, గుండ్రాయి లెక్కున్నడు." ఆ అమ్మాయి పెన్ను పక్కన పెట్టేసింది. రోజుకు 20 సిగరెట్ల చొప్పున పదేండ్లు, లేదా దానికి సమానంగా పొగ తాగి ఉంటేనే ఈ ట్రయల్‌లోకి తీసుకుంటారట. పొయ్యి పొగ లెక్కలోకి రాదు. అమ్మ కొంగు సర్దుకుంటూ లేచి, "తాగనందుకు వద్దంటున్నరా? ముందే చెప్తే నేర్చుకుందును గద" అన్నది. జడ్చర్ల అన్న పగలబడి నవ్విండు. నాకు మాత్రం కడుపు మండింది, ఇప్పటికీ మండుతుంది.

అది ఆ ఒక్క ట్రయల్ తప్పు కాదు. సీఓపీడీ మందులకు ఆధారంగా చూపించే పెద్ద పరిశోధనలు తీసి చూడండి. 2007లో వచ్చిన టార్చ్, 42 దేశాలు, 6,112 మంది. 2008లో వచ్చిన అప్‌లిఫ్ట్, 5,993 మంది, నాలుగేండ్లు. రెండింటిలోనూ పొగతాగేవాళ్ళు లేదా తాగి మానేసినవాళ్ళే. 2023లో డూపిలుమాబ్ అనే ఖరీదైన ఇంజెక్షన్ సీఓపీడీకి పనిచేస్తుందని చూపించిన బోరియస్ ట్రయల్‌లోనూ అదే షరతు. కానీ జన్మలో పొగతాగని సీఓపీడీ రోగులు 25 నుంచి 45 శాతం దాకా ఉంటారని 2009లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు, రాసినవాళ్ళలో ఒకరు పుణె డాక్టర్ సందీప్ సాల్వి. పొయ్యి పొగతో వచ్చే జబ్బులో గాలి గొట్టాలు బిగుసుకుపోవడం ఎక్కువ, ఊపిరితిత్తి డొల్లబారడం తక్కువ అని కూడా తేల్చారు. అంటే జబ్బు తీరే వేరు. సీఓపీడీ వైద్యానికి డాక్టర్లు ప్రపంచమంతా చూసే గోల్డ్ మార్గదర్శకాల్లో 2023లో పొయ్యి పొగ, కాలుష్యం వల్ల వచ్చే సీఓపీడీకి విడిగా ఒక వర్గం పెట్టారు. సంతోషం. మందులు పరీక్షించేది మాత్రం ఇంకా బీడీ మామల మీదే, మింగేది మా అమ్మలాంటోళ్ళు. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఆడవాళ్ళ దమ్ములో ముప్పాతిక భాగం పొయ్యిదేనని నా నమ్మకం. లెక్క చూపించమంటే చూపించలేను, మా వాడ చూపిస్తాను.

పొయ్యి పొగ మీద పరిశోధనలే లేవని కాదు. హాపిన్ అనే పరిశోధనలో మన తమిళనాడుతోపాటు ఇంకో మూడు దేశాల్లో 3,200 మంది గర్భిణులను తీసుకుని సగం మందికి ఉచితంగా గ్యాస్ ఇచ్చారు. ఇంట్లో పొగ బాగా తగ్గింది, పుట్టిన పిల్లల బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2022లో తేలింది. అది చూపించి గ్యాస్ దండగ అనేవాళ్ళున్నారు. కడుపుతో ఉన్న కొన్ని నెలలు పొగ ఆపితే, పుట్టినప్పటి నుంచి పీల్చింది పోతుందా?

ట్రయల్ భయానికి కారణం లేకపోలేదు. ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు వేసిన హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్టు 2010లో ఆగిపోయింది, తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని 2013లో పార్లమెంటు కమిటీ ఏకింది. అందుకే సంతకం దగ్గర గట్టిగా ఉండాలి. ట్రయల్‌కు సీటీఆర్‌ఐ (దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబర్ ఉంటుంది, అడిగి తీసుకుని వాళ్ళ వెబ్‌సైట్లో చూసుకోండి. పత్రం ఇంటికి తెచ్చుకుని, చుట్టాల్లో చదువుకున్నవాళ్ళకు చూపించిన తర్వాతే సంతకం పెట్టండి. అక్కడికక్కడే పెట్టమని తొందరపెడితే అది మీకు వద్దు. జడ్చర్ల అన్న అడిగిన ప్రశ్న మీరూ అడగండి.

ఇంకొకటి, ఇన్‌హేలర్ అలవాటైపోతుందని మానేయించే పెద్దమనుషుల మాట వినకండి. గాలి గొట్టాలు తెరిచే సాల్బుటమాల్ ఒక పీల్పులో 100 మైక్రోగ్రాములు, అదే మందు గోళీలో 4 మిల్లీగ్రాములు, నలభై రెట్లు. గోళీకి భయపడనోళ్ళు పీల్పుకు భయపడతారు. మా అమ్మ ఇప్పుడు ఇన్‌హేలర్‌కు స్పేసర్ (మందు నిలిచే గొట్టం) పెట్టి రోజూ పీలుస్తున్నది, చలికాలం పడుకునే నిద్రపోతున్నది. మీ నాన్న బీడీలు తాగాడన్నారు కదా, తాగలేదన్న వంకతో మాత్రం ఆయన్ను వద్దనరు లెండి.